లేని గదికి పన్ను

నిచ్చెన పైమెట్టు మీద నిలబడి, నోట్లో మేకులు కరచుకుని, చంకలో చెక్క పలక ఇరికించుకుని ఓరిన్ పెల్కీ కిటికీ వైపు చెయ్యి చాచాడు. అదే క్షణంలో లోపలి నుంచి ఎవరో తెర లాగారు.

హడావుడిగా కాదు, నెమ్మదిగా. తెల్లటి వేళ్లు తెర అంచు పట్టుకున్నాయి, కిటికీకి అడ్డంగా జరిపాయి, మాయమయ్యాయి.

ఓరిన్‌కు అందులో నచ్చనిది ఒక్కటే. ఆ కిటికీ వెనక గది లేదు. గదే లేనప్పుడు తెర ఉండదు, తెర లేనప్పుడు దాన్ని లాగే వేళ్లు అసలే ఉండవు. ఈ సంగతి అతను ప్రమాణం చేసి, సంతకం పెట్టి మరీ ఈస్ట్ హార్లో ఊరి పన్నుల అప్పీలు కమిటీకి రాసిచ్చాడు. ఆ కమిటీ ఇంకాసేపట్లో ఇల్లు చూడడానికి రాబోతోంది.

ముందు మేకులు కిందపడ్డాయి. తర్వాత పలక. ఆ తర్వాత ఓరిన్.

పడింది గుబురుగా పెరిగిన రూబార్బ్ కూర మడిలో కాబట్టి ఎముకలు దక్కాయి. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, కళ్లు తెరిచాక కూడా తాను ఏ లోకంలో ఉన్నాడో తేల్చుకోవడానికి కొంత సమయం పట్టింది. పైన రెండు చూరుల మధ్య ఆ పాత కిటికీ, గోడకు వంకరగా తగిలించిన పటంలా, ఏటవాలుగా ఉంది. వెర్మాంట్ రాష్ట్రపు కొండల్లో చాలా ఇళ్లకు అలాంటిది ఒకటి ఉంటుంది. వంటిల్లు పొడిగించినప్పుడు పాత కిటికీ ఒకటి మిగిలిపోతుంది. నిలువుగా పట్టదు, పారేయడానికి చేతులు రావు, వాల్చి బిగించేస్తారు. చీపురెక్కి వచ్చే మంత్రగత్తె ఆ వాలులోంచి లోపలికి దూరలేదని ముసలివాళ్లు చెబుతారు. లోపలున్నది బయటికి పోలేదని కూడా వాళ్లలో వాళ్లు చెప్పుకుంటారు.

ఆ రెండో మాట ఓరిన్ చిన్నప్పుడు మెట్ల కింద నక్కి విన్నాడు. తండ్రి మేనత్త మెహిటబెల్ తన చివరి చలికాలం, ఆ తర్వాతి వేసవి ఆ చూరు కింది సందులోనే గడిపింది. దగ్గు ఇంకొకరికి అంటకూడదని. దగ్గు ఆగినప్పుడల్లా సన్నగా ఏదో పాట తీసేదట. ఆమెను పాతిపెట్టి వచ్చిన మర్నాడే ఓరిన్ తండ్రి ఆ సందుకు దారి మూసేసి పలకలు కొట్టాడు.

"ఎందుకు మూశావు నాన్నా?"

"చలిగాలి వస్తోంది," అన్నాడు తండ్రి. అప్పుడు ఆగస్టు నెల.

ఓరిన్‌కు ఇప్పుడు అరవై దాటాయి. ఈ మధ్య చీకటి పడే వేళ మేపుల్ తోట నుంచి దిగి వస్తుంటే ఆ కిటికీలో పసుపు రంగు వెలుతురు కనిపిస్తోంది. సూర్యాస్తమయం అద్దంలో పడిందనుకున్నాడు. ఆ కిటికీ ఉత్తరం వైపుంది. ఆ ఆలోచనను అక్కడే ఆపేసి, భార్య లూయెల్లాకు కూడా చెప్పకుండా అన్నం తిని పడుకునేవాడు.

కానీ పన్ను కాగితం అలా ఆగలేదు.

ఊరు మొత్తం ఇళ్లకు కొత్త విలువలు కట్టడానికి బయటి నుంచి ఎవరో కుర్రవాణ్ణి పిలిపించారు. అతను కారు దిగకుండానే, రోడ్డు మీంచే ఓరిన్ ఇంటి విలువ తేల్చేశాడు. బీవర్లు చెట్లు కొరికి వాగుకు అడ్డం పడేస్తే నిలిచిన బురద గుంటను 'సొంత చెరువు' అన్నాడు. వంటింటి కిటికీలోంచి కొండ కనిపిస్తున్నందుకు 'సుందర దృశ్యం' అని విడిగా విలువ కట్టాడు. వీటన్నిటి మీదా, 'పై అంతస్తులో, ఉత్తరం వైపు, వెచ్చని అదనపు గది' అని రాశాడు.

"రాష్ట్రం ఒక చేత్తో సంపాదన మీద లాక్కుంటుంది, ఇంకో చేత్తో కొన్న వస్తువు మీద లాక్కుంటుంది," అని ఓరిన్ ఆ రోజు నుంచి కనిపించిన ప్రతివాడితోనూ అంటున్నాడు. "ఇంటి మీద లాక్కోవడానికి ఈ మూడో చెయ్యి ఎక్కడిది?"

ఆ కొత్త పన్ను కట్టాలంటే దారి ఒక్కటే. తాతల నాటి మేపుల్ తోట అమ్మాలి. కనెటికట్ నుంచి ఒకాయన వచ్చి చూసి, నచ్చిన చెట్లకు గులాబీ రంగు రిబ్బన్లు కూడా కట్టి వెళ్లాడు. ఇల్లు కట్టుకుంటాడట. ఓరిన్ చిన్నప్పుడు తండ్రి చెయ్యి పట్టుకుని మొట్టమొదట బెజ్జం వేసి తీపి రసం రుచి చూసిన చెట్టుకు కూడా రిబ్బను కట్టాడు. ఓరిన్ ఆ రిబ్బను వైపు చూడలేక తల దించుకుని నడుస్తున్నాడు.

ఇక మిగిలిన ఆశ ఈ కమిటీ. అందుకే తెల్లవారకముందే లేచి ఇంటిని వీలైనంత దీనంగా తయారుచేశాడు. హాలు పైకప్పు మీద నీళ్లు కుమ్మరించాడు. కోళ్లను ముందు గదిలోకి వదిలాడు. రసం పట్టే పాత బకెట్లన్నీ పై అంతస్తుకు మోసి, కోట్లు పెట్టుకునే అల్మారా తలుపుకు అడ్డంగా కప్పు దాకా పేర్చాడు. తండ్రి మూసేసిన దారి ఆ అల్మారా వెనకే ఉంది. లూయెల్లా అప్పటికే "చర్చికి వెళ్లొస్తా, దానం బట్టలు వేరుచెయ్యాలి" అనేసి కనుమరుగైంది. ఎవరో వచ్చి ఎక్కించుకుని వెళ్లుంటారు. ఆ వంకర కిటికీ కూడా మూసేస్తే గది అన్న మాటే రాదనుకున్నాడు.

పొగమంచులోంచి కారు దీపాలు రెండు కళ్లలా తేలుతూ వచ్చి ఆగాయి. చెప్పిన వేళ కంటే ముందే వచ్చేశారు.

*

"ఏమయ్యా ఓరిన్, నిచ్చెన దిగే పద్ధతి ఇదా?" అంటూ ఎర్లీన్ గోవ్ ముందు దిగింది. కమిటీ అధ్యక్షురాలు. చర్చి పనైనా ఎన్నికల పనైనా ఊళ్లో ఆవిడ చేతుల మీదుగా జరగాల్సిందే. ఓరిన్‌తో కలిసి చదువుకున్న మనిషి. అప్పుడు కూడా అతని లెక్కలు ఆవిడే దిద్దేది.

ఆవిడ వెనక క్లేటన్ బ్లాడ్జెట్ దిగాడు. ఎనభై దగ్గర పడుతున్న పెద్దమనిషి. దిగుతూనే వంకర కిటికీ వైపు చూసి టోపీ తీశాడు. ఎందుకు తీశాడో అతనికే తెలియనట్టు మళ్లీ పెట్టుకున్నాడు. మూడో సభ్యుడు వాలెస్ టట్‌హిల్ వెనక సీట్లోంచి కదల్లేదు. ఊళ్లో సగం ఇళ్లకు పైకప్పులు వేసిన వడ్రంగి. వాటిలో ఒకదాని మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. పిండికట్టు కాలు సీటంతా పరుచుకుని ఉంది.

"నేను దిగలేనమ్మా. బయట సంగతి నాకు వదిలేసి మీరు లోపల చూసుకోండి," అన్నాడు వాలెస్.

ఎర్లీన్ నేల మీది పలకనూ సుత్తినీ చూసింది. "కిటికీ మూసేస్తున్నావా?"

"కందిరీగలు," అన్నాడు ఓరిన్, బట్టలు దులుపుకుంటూ. నోటికి మొదట వచ్చింది అదే.

క్లేటన్ వెనక్కి గెంతాడు. "కందిరీగలా! ఒక్కటి కుట్టిందంటే నా మొహం గుమ్మడికాయ అయిపోతుంది."

"కందిరీగలకు మేకులు కొడతారా?"

"పొగ పెడితే ఇల్లు అంటుకుంటుంది కదా ఎర్లీన్. ఇల్లు కాలిపోతే మళ్లీ మీకే నష్టం, పన్ను దేని మీద వేస్తారు?"

ఎర్లీన్ నవ్వలేదు. "నిబంధన తెలుసుగా? ఇల్లంతా చూపించాలి. ఒక్క తలుపు తియ్యనన్నా అప్పీలు నువ్వే వెనక్కి తీసుకున్నట్టు లెక్క."

"నాకా చెబుతావు? మీ నిబంధనలు మీకంటే ఎక్కువసార్లు చదివాను. రా, చూసుకో. నా దగ్గర దాచేదేం లేదు," అన్నాడు ఓరిన్. అంటూనే సుత్తి చేతిలోకి తీసుకుని పైకి చూశాడు. తెర కదల్లేదు. కానీ దాని వెనక నీడ ఒకటి అటు నుంచి ఇటు నడిచింది.

ముందు గదిలో కోళ్లు సోఫా మీద కూర్చుని ఉన్నాయి. హాలులో పైకప్పు నుంచి టప్‌మని చుక్క పడింది.

"ఎప్పటి నుంచి కారుతోంది?" అంది ఎర్లీన్.

"ఏళ్ల తరబడి. వానొస్తే పడవ కావాలి."

"వాన పడి వారమైంది ఓరిన్. బయట మంచు తప్ప ఏమీ లేదు."

"నింపాదిగా కారే కప్పు అది," అన్నాడు ఓరిన్.

అది రాసుకోవాలా వద్దా అని క్లేటన్ ఎర్లీన్ మొహంలోకి చూశాడు. ఆవిడ మాత్రం గోడ పక్కన ఒక ఖాళీ చోటును చూస్తోంది. చెక్క నేల మీద కుర్చీ కాళ్ల గుర్తులున్నాయి, కుర్చీ లేదు. "ఇక్కడ లూయెల్లా ఊగుడు కుర్చీ ఉండాలి కదూ?"

"బాగుచేయించడానికి ఇచ్చింది. చాలా రోజులైంది."

"లూయెల్లా ఏది?"

"చర్చిలో. పాత బట్టలు వేరుచేయడానికి వెళ్లింది. వారం వారం వెళుతుందిగా, నీ దగ్గరికే."

ఎర్లీన్ కలం ఆగిపోయింది. ఆవిడ చాలా మెల్లగా తలెత్తింది.

"లూయెల్లా ఏడాది నుంచి అక్కడికి రావడమే లేదు ఓరిన్."

హాలులో మళ్లీ ఒక చుక్క పడింది. ఓరిన్ తలుపు వైపు చూశాడు. మరి వారం వారం ఎక్కడికి వెళుతోంది? ఎవరు ఎక్కించుకెళుతున్నారు? తాను ఎప్పుడైనా కారు చప్పుడు విన్నాడా? గుర్తు తెచ్చుకోబోయాడు. ఆమె 'వెళ్లొస్తా' అనడం వరకే గుర్తుంది. ఆ తర్వాత తాను ఎవరికో ఒకరికి పన్నుల గురించి ఉత్తరం రాయడానికి కూర్చునేవాడు.

"మీ ట్రక్కు పెరట్లోనే ఉంది," అంది ఎర్లీన్. "బూట్లు తలుపు దగ్గరే ఉన్నాయి. చేతిసంచీ కొక్కేనికి వేలాడుతోంది. చెప్పుల్లేకుండా, సంచీ లేకుండా, బండి లేకుండా నీ పెళ్లాం ఎటు వెళ్లింది?"

"నాకేం తెలుసు?"

"మార్చిలో ఊరి సభలో లేచి నువ్వేమన్నావు? 'ఈ ఇంట్లో ఒక తల తగ్గితే తప్ప నేనీ పన్ను కట్టలేను' అన్నావా లేదా? అందరూ నవ్వారు. నేనూ నవ్వాను." ఎర్లీన్ రెండడుగులు వెనక్కి వేసి క్లేటన్ పక్కన నిలబడింది. "ఇప్పుడు నవ్వు రావడం లేదు."

"తిండి ఖర్చు గురించి అన్నానమ్మా తల్లీ! ఆవును అమ్మేస్తానని చెప్పడం!"

"నీకు ఆవులు లేక ఆరేళ్లయింది."

సరిగ్గా అప్పుడే బయట కారు హారన్ మోగింది. ఒకసారి కాదు, ఆగి ఆగి, గొంతు పట్టుకుని పిసికినట్టు. ఎర్లీన్ పరుగెత్తి కిటికీ తెరిచింది. మంచులో కారు కనిపించలేదు, వాలెస్ గొంతు మాత్రం వచ్చింది.

"వంకర కిటికీలో దీపం ఉంది! వెలుగుతోంది! రోడ్డు మీదికి కూడా కనిపిస్తోంది!"

"మెల్లగా చెప్పు వాలెస్, చెవులున్నాయి మాకు!"

"దీపం అంటున్నాను! దీ-పం!"

క్లేటన్ మెట్ల రెయిలింగ్ పట్టుకున్నాడు. "ఎర్లీన్, ఇల్లు బాగా పాడైపోయిందని రాసేసి పోదాం పద. మనిషన్నాక దయ ఉండాలి."

"పైకి నడవండి," అంది ఎర్లీన్. "ఓరిన్, నువ్వు ముందు నడు. ఆ సుత్తి ఇలా ఇవ్వు."

*

పై అంతస్తు నడవాలో వెలుతురు పాలిపోయి ఉంది. మంచు అద్దాలకు అంటుకుని లోపలికి చూస్తున్నట్టుంది. ముగ్గురూ గోడకు చెవి ఒగ్గారు. గోడ వెనక ఎవరో సన్నగా, పెదాలు విప్పకుండా పాట తీస్తున్నారు.

"కందిరీగలు," అన్నాడు ఓరిన్. అతని గొంతు అతనికే నమ్మశక్యంగా లేదు.

"కందిరీగలకు రాగం తెలుసా?" అంది ఎర్లీన్.

క్లేటన్ మొహం సున్నమైంది. "ఆ పాట నాకు తెలుసు. చావు రోజు పాడే పాట. మెహిటబెల్ శవపేటిక చర్చిలోకి తెచ్చినప్పుడు మా అమ్మ పక్కన కూర్చుని విన్నాను. ఆవిడకు ఇష్టమని అదే పాడారు." అతను ఓరిన్ చెయ్యి పట్టుకున్నాడు. "నాయనా, ఆవిణ్ణి లోపల పెట్టి మూసింది మీ నాన్నే కదూ?"

"చనిపోయాక మూశాడండీ! చర్చి వెనక పాతిపెట్టాకే!"

"నమ్మకంగా చెప్పగలవా?"

పాట ఆగింది. ఆ తర్వాత గోడ లోపల ఎవరో దగ్గారు. చిన్న దగ్గు. ఎవరూ వినకూడదని నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నట్టు.

"ఉడత," అన్నాడు ఓరిన్.

ఎర్లీన్ గోడ మీద అరచెయ్యి ఆనించి, కాల్చుకున్నట్టు వెనక్కి తీసుకుంది. "గోడ వెచ్చగా ఉంది."

"వెచ్చగానా?" క్లేటన్ వణుకుతూనే కాగితం తీశాడు. "వేడి సౌకర్యం ఉన్నట్టు రాయమంటావా?"

"ముందు ఈ బకెట్లు ఎవరు పేర్చారో రాయి. బయట మేకులు, సుత్తి, పలక. లోపల అల్మారాకు అడ్డంగా బకెట్లు. గోడలో మనిషి." ఎర్లీన్ సుత్తిని రెండు చేతులతో పట్టుకుంది. "తలుపు తియ్ ఓరిన్. తియ్యనన్నావో, అప్పీలు వెనక్కి తీసుకున్నట్టు రాస్తాను. ఆ తర్వాత షెరీఫ్‌కు ఫోన్ చేస్తాను."

ఓరిన్ బకెట్ల ముందు నిలబడిపోయాడు. తియ్యకపోతే తోట పోతుంది. తీస్తే, లోపల గది ఉంటే, ఆ కుర్రవాడు రాసింది నిజమవుతుంది, అప్పుడూ తోట పోతుంది. గది లేకుండా అందులో మెహిటబెల్ ఒక్కతే ఉంటే ఏం పోతుందో అతనికి తెలియదు. ఒక్క క్షణం గులాబీ రిబ్బన్లు కళ్ల ముందు ఆడాయి. ఆ వెంటనే, ఎందుకో, కొక్కేనికి వేలాడే చేతిసంచీ కనిపించింది. ఏడాదిగా లూయెల్లా ఎక్కడికి వెళ్తోందో ఒక్కసారైనా అడిగాడా తాను?

"లూయెల్లా!" అని అరిచాడు. అరిచి అట్టడుగు బకెట్‌ను లాగాడు.

తాతల కాలం నుంచి పోగైన బకెట్లు ఒకదాని వెనక ఒకటి మెట్ల మీంచి దొర్లుకుంటూ పోయాయి. కింద కోళ్లు ఇల్లు పీకి పందిరేశాయి. బయట హారన్ ఆగకుండా మోగింది. ఓరిన్ అల్మారాలోకి దూరి చలికోట్లను తోసుకుంటూ లోపలికి వెళ్లాడు. అతని చేతులు తండ్రి కొట్టిన పలకల కోసం వెతికాయి. పలకలు లేవు. నున్నటి తలుపు ఉంది, దానికి పింగాణీ పిడి ఉంది. ఆ పిడి అతని చేతిలో దానంతటదే తిరిగింది.

తలుపు తెరుచుకుంది. వెనక దీపపు వెలుగులో తెల్లటి దుప్పటి కప్పుకున్న ఆడమనిషి నిలబడి ఉంది.

క్లేటన్ నిలువునా కూలబడ్డాడు.

"అరవకు ఓరిన్," అంది లూయెల్లా. "ఎర్లీన్, రావే. ఫ్లాస్కులో టీ ఉంది. ముందు ఆ ముసలాయనకు ఇవ్వు."

*

ముచ్చటైన గది. చూరు కింద ఏటవాలుగా ఒదిగిపోయింది. నీలం పూల కాగితం అంటించిన గోడలు, చిన్న కరెంటు హీటరు, మూలన రేడియో. బాగుచేయడానికి ఇచ్చిన ఊగుడు కుర్చీ బాగానే ఉంది. బల్ల మీద సగం పూర్తయిన, ముక్కలు కలిపి బొమ్మ చేసే ఆట ఉంది.

ఓరిన్ భార్య రెండు భుజాలూ పట్టుకుని, నిజంగా మనిషేనా అని చూస్తున్నట్టు చూశాడు. ఆ తర్వాత అడిగాడు. "ఎప్పటి నుంచి?"

"నువ్వు రాజధానికి వెళ్లి వాదించడం మొదలెట్టిన చలికాలం నుంచి."

"ఎందుకే?"

"పొద్దున టిఫిన్‌లోకి పన్నులు, మధ్యాహ్నం భోజనంలోకి పన్నులు. రాత్రి పక్క మీద కూడా రాష్ట్రం మనిద్దరి మధ్యా పడుకుంటోంది. పన్ను లేని గది ఒక్కటైనా ఉండాలనిపించింది," అంది లూయెల్లా. "ఇవాళ నిచ్చెన చప్పుడు విని తెర వేశాను. దిగివద్దామంటే దారేది? తలుపుకు అడ్డంగా ఇనప కొట్టు పెట్టావు."

"గోడ కొట్టలేకపోయావా? పిలవలేకపోయావా?"

"పిలిస్తే గది ఉందని తెలిసిపోదూ? నీ తోట కోసమే నోరు మూసుకుని కూర్చున్నాను."

క్లేటన్ గోడకు ఆనుకుని టీ గుటక వేశాడు. "మూసుకోలేదమ్మా. పాట పాడావు. చావు పాట."

"పాటా?" లూయెల్లా అతని వైపు వింతగా చూసింది. "నాకు పాటలెక్కడ వచ్చండీ? చెవుల్లో ఇవి పెట్టుకుని రేడియోలో బేస్‌బాల్ వింటున్నాను. దగ్గిందంటారా, అది నేనే. బిస్కెట్ అడ్డంపడింది."

కిటికీ అవతల మంచు చిక్కబడింది. తెర గాలి లేకుండానే కొంచెం ఊగింది.

"అది ఈ కమిటీ పరిధిలోకి రాదు," అంది ఎర్లీన్ చివరికి, కొంచెం తొందరగా. కలం తీసింది. "గది ఉంది. వెచ్చగా ఉంది. కరెంటు ఉంది. ఆ కుర్రవాడు రోడ్డు మీంచి రాసిన వాటిలో నిజం ఇదొక్కటే. మన్నించు ఓరిన్. బురద గుంట తీసేయగలను, కొండను కాస్త తగ్గించగలను. గదిని తీసేయలేను. విలువ నిలబడుతుంది."

ఓరిన్ ఊగుడు కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ ఊగలేదు. "అయితే తోట పోయినట్టే," అన్నాడు, ఎవరితోనూ కాకుండా. అతను అరవకుండా ఓ మాట అనడం లూయెల్లా చాలా రోజుల తర్వాత వింది. ఆమె చెయ్యి దుప్పటి అంచును నలిపింది.

"ఇంకో సంగతి కూడా రాయాలి," అంది ఎర్లీన్. "అనుమతి లేకుండా కరెంటు లాగారు. ఈ పని చేసిందెవరు?"

"అది చెప్పను."

"జరిమానా పడుతుంది లూయెల్లా."

"మాటిచ్చాను. డబ్బుకు కూడా కాదు, మా మేపుల్ సిరప్ డబ్బాలకు చేశాడు. నేను చెబితే కమిటీలో అతని పరువు..." లూయెల్లా నాలుక కరుచుకుంది.

ఓరిన్ కుర్చీలోంచి మెల్లగా లేచాడు. అతని కళ్లలో, నిబంధనల పుస్తకంలో పేజీలు తిరుగుతున్నట్టు, ఏదో కదిలింది.

"ఏ కమిటీలో?" అన్నాడు.

"ఏదో కమిటీ."

"ఎర్లీన్," ఓరిన్ ఒక అడుగు ముందుకు వేశాడు, "చూడ్డానికి వచ్చిన కమిటీలో ఒక సభ్యుడికి ఆ ఇంటి పనిలో చెయ్యి ఉండి, అది దాచిపెట్టి వస్తే ఏమవుతుంది? నేను చెప్పనా, నువ్వు చెబుతావా?"

ఎర్లీన్ పెదాలు బిగించింది. ఆవిడకు అబద్ధం చెప్పడం చేతకాదు, అదే ఆవిడ కష్టం. "తనిఖీ చెల్లదు. మళ్లీ తనిఖీకి గడువు కూడా లేదు. ఈ ఏటికి పాత విలువే, పాత పన్నే."

"తోట?"

"నీ తోట నీకే ఉంటుంది."

గదిలో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. క్లేటన్ కప్పు కింద పెట్టి రెండు చేతులూ పైకెత్తాడు. "నేను కాదు! నాకు మేకు కొట్టడమే రాదు. మా ఆవిణ్ణి అడగండి!"

"నన్ను చూడకండి," అంది ఎర్లీన్. తర్వాత ఆవిడ చూపు మెల్లగా వంకర కిటికీ మీదికి తిరిగింది. కింద, మంచులో, కారు ఇప్పుడు చాలా నిశ్శబ్దంగా ఉంది. "ఆ హారన్..." అంది. "లూయెల్లా, దీపం ఉందని అంత గొంతు చించుకుని అరిచింది ఎవరికి వినిపించాలని?"

లూయెల్లా భర్త వైపు చూసింది. ఓరిన్ బతిమాలలేదు, వాదించలేదు, రాష్ట్రాన్ని తిట్టలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడంతే. ఆమె ఒక్క నిట్టూర్పు విడిచింది.

"వాలెస్ టట్‌హిల్," అంది. "గోడ కాగితం మాత్రం నేనే అంటించాను."